ప్రైమర్ మీద వేలికొన

తుపాకుల గదుల్లో కొత్తగా పనికి చేరిన ఇద్దరు ముగ్గురు ఈ మధ్య నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. పోటీలకు సొంతంగా నింపుకునే పిస్టల్ తూటాల్లో ఏ ప్రైమర్ పెట్టాలండీ అని. కంపెనీ పేరు చెబితే రాసుకుని వెళ్లిపోదామని వాళ్ల ఉద్దేశం. నేను చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఒకప్పుడు నేనూ వెతికాను. నెల రోజులు శ్రద్ధగా వెతికి, కొలతలు తీసి, పుస్తకంలో రాసి, గట్టి నమ్మకంతో ఒకటి ఎంచుకున్నాను. దానివల్ల ఒక మనిషి దేశం వదిలి పోవలసిన పరిస్థితి వచ్చింది. ఆ సంగతి చెబుతాను, తర్వాత మీరే ఆలోచించుకోండి.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తూటాను తిరగేసి చూస్తే అడుగున నడిమధ్య కందిపప్పు బద్దంత లోహపు బిళ్ల కనిపిస్తుంది. అదే ప్రైమర్. ట్రిగర్ నొక్కితే లోపలి పిన్ను వచ్చి దాన్ని పొడుస్తుంది. అది రాజుకుంటే లోపలి మందు అంటుకుంటుంది. ఆ బిళ్ల రేకు ఒక కంపెనీది మెత్తగా ఉంటుంది, ఇంకో కంపెనీది గట్టిగా ఉంటుంది. దాన్ని ఇత్తడి గొట్టం అడుగున ఉన్న గుంతలో కూర్చోబెట్టాలి. గొట్టం అంచుకంటే వెంట్రుకవాసి లోపలికి దిగాలి. పైకి తేలి ఉంటే పిన్ను దెబ్బలో సగం దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది, తూటా పేలదు.

మాది ఒకప్పుడు విజయనగరం వైపు పదహారు ఊళ్ల మీద మాట చెల్లిన ఇల్లు. నా తరం వచ్చేసరికి ఊళ్లూ లేవు, ఇల్లూ లేదు. మా తాతగారి తుపాకులు రెండూ లైసెన్సు తిరగరాయించేవాళ్లు లేక పోలీసు స్టేషన్‌లో తుప్పు పట్టాయి. నాకు దక్కింది ఒక పద్ధతి. ఆయన వేట తూటాలు ఇంట్లోనే నింపించేవారట. గొట్టాలు తోమడం, తుడవడం నౌకర్ల పని. చివర్లో ప్రతి తూటా అడుగునా ఇంటి యజమాని వేలు పెట్టి తడమాలి. అది ఇంకొకరికి అప్పగించేవారు కారు. మా నాన్నగారు వేట మానేశాక కూడా ఆ తడమడం ఎలాగో నాకు ఖాళీ గొట్టాల మీద నేర్పారు. హైదరాబాదులో తుపాకుల దుకాణంలో పనిచేసినా, తర్వాత రియాద్ వెళ్లినా, నా వేలు తగలనిదే ఏ తూటా డబ్బాలోకి వెళ్లలేదు. అందుకు నేను గర్వపడేవాణ్ని.

మా షూటింగ్ క్లబ్బు రియాద్ నుంచి అల్ ఖర్జ్ వెళ్లే రోడ్డు పక్కన ఉండేది. రోజంతా పాల ట్యాంకర్లు పోతుండేవి. సభ్యుల పోటీ తూటాలు అక్కడే నింపుకోవడానికి క్లబ్బుకు అనుమతి ఉంది. ఆ గదికి నేను పెద్దను. నా కింద జగిత్యాల అతను ఒకడు. సౌదీలో పద్నాలుగేళ్లు బండలు పరిచి, నడుము పట్టేసి, మా దగ్గర కూర్చుని చేసే పనికి వచ్చాడు. గొట్టాలు శుభ్రం చేయడం, చేతి మీటతో ప్రైమర్లు కూర్చోబెట్టడం అతని పని. వాటిని తడిమి చూసి, మందు పోసి, సీసపు గుండు బిగించడం నాది. యాభై తూటాల డబ్బా నిండాక అతను లేబుల్ అంటించేవాడు, నేను సంతకం చేసేవాణ్ని. పక్క గదిలో పెషావర్ వైపు నుంచి వచ్చిన తుపాకుల మేస్త్రి ఉండేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. నన్ను అతను రాజా సాబ్ అనేవాడు. అందులో వెటకారం ఎంతో, మర్యాద ఎంతో నాకు ఎన్నడూ తేలలేదు.

మా మేనేజరు సౌదీ మనిషి. ముదీర్ అని పిలిచేవాళ్లం. క్లబ్బులో అందరికంటే బాగా పిస్టల్ కాల్చేవాడూ ఆయనే. ఉక్కు పలకలను గడియారం పెట్టి పడగొట్టే పోటీ ఆయనది. ఒక్క తూటా పేలకపోయినా గడియారం ఆగదు. దాన్ని బయటికి లాగి ఇంకొకటి ఎక్కించేలోపు పోటీ పోతుంది.

ఆ ఏడాది మేము ఎప్పుడూ వాడే మెత్తటి ప్రైమర్లు దొరకడం కష్టమైంది. సరఫరాదారు రెండు రకాలు చూపించాడు. పాత రకం కొద్దిగా ఉంది, కొత్తది గట్టి రకం, కావలసినంత ఉంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజులు అవే. ఒకే రకం గొట్టం, ఒకే మందు, ఒకే గుండు తీసుకుని ప్రైమర్ ఒక్కటే మార్చి, తూటా వేగం కొలిచే యంత్రం ముందు కాల్చి చూశాను. మెత్తటివాటితో వేగం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. గట్టివాటితో ఇంచుమించు ఒకేలా వచ్చింది. కాల్చిన గొట్టాలను భూతద్దం కింద పెట్టి గంటల తరబడి చూసేవాణ్ని. మెత్తటి బిళ్ల మీద పిన్ను గుంట బెల్లం ముద్దలో వేలు దిగినట్టు ఉండేది. గట్టిదాని మీద చిన్న చుక్క పడేది. అంత చిన్న చుక్కతో అంత సమంగా ఎలా రాజుకుంటోంది? నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఉస్తాద్ వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు. "రాజా సాబ్, ఈ టోపీ సఖ్త్‌గా ఉంది. మానుకో" అన్నాడు. ప్రైమర్‌ను అతను టోపీ అంటాడు, గట్టిదాన్ని సఖ్త్ అంటాడు. "ముదీర్ పిస్టల్‌లో స్ప్రింగ్ నేను సగం చేసి ఇచ్చాను. దాని దెబ్బలో జోరు లేదు."

"అయితే స్ప్రింగ్ మార్చు."

"స్ప్రింగ్ మారిస్తే ట్రిగర్ బరువెక్కుతుంది. ట్రిగర్ బరువెక్కితే ముదీర్ నన్ను మారుస్తాడు."

నేను కొత్త ప్రైమర్లతో యాభై తూటాలు నింపి ముదీర్ పిస్టల్‌లోనే కాల్పించాను. యాభై పేలాయి. పుస్తకం తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాను. అతను చదవలేదు. "పుస్తకం నీది, పిస్టల్ నాది" అని వెళ్లిపోయాడు.

గల్ఫ్ దేశాల పోటీలకు వెళ్లే జట్టుకు మనుషులను ఎంచే పోటీ అల్ ఖోబర్‌లో పెట్టారు. దానికోసం నాలుగు వందల తూటాలు నింపాలి. జగిత్యాల అతను ప్రైమర్లు కూర్చోబెట్టాడు. కొత్తవి కాస్త బిగువుగా దిగుతున్నాయని చెబితే, "బలం పెట్టకు, అది పేలే వస్తువు, మెల్లగా నొక్కు" అన్నాను. ఆ పని పూర్తవుతూనే అతనికి ఇకామా చిక్కు వచ్చిపడింది. ఇకామా అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకునే అనుమతి. రెన్యువల్‌కు వేలిముద్రలు మళ్లీ ఇవ్వమన్నారు. యంత్రం అతని వేళ్లను పట్టుకోలేదు. పద్నాలుగేళ్ల సిమెంటు వేళ్ల మీద గీతలను తినేసింది. నాలుగు రోజులు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆ నాలుగు రోజుల్లో నేనే తడిమి, నేనే నింపి, నేనే లేబుల్ అంటించి సంతకం చేసి డబ్బాలు మూశాను.

అల్ ఖోబర్‌లో ముదీర్ మొదటి రౌండు బ్రహ్మాండంగా కాల్చాడు. రెండో రౌండులో నాలుగో పలక దగ్గర టిక్కుమంది. పేలలేదు. ఆయన దాన్ని లాగి పారేసి మిగిలినవి పడగొట్టాడు. తర్వాతి రౌండులో మళ్లీ టిక్కు. చివరి రౌండులో ఇంకొకటి. ఇద్దరిని తీసుకుంటామన్నారు. ఆయన మూడోవాడిగా మిగిలాడు.

పేలని మూడింటినీ నేను ఏరుకుని చూశాను. మూడింటి మీదా పిన్ను గుర్తు ఉంది, లోతు లేదు. రేంజి అధికారి అనుమతితో వాటిని మళ్లీ అదే పిస్టల్‌లో వేసి కాల్పించాం. రెండో దెబ్బకు మూడూ పేలాయి.

తిరుగు ప్రయాణం నాలుగు గంటలు. ముందు సీటులో ముదీర్ కూర్చున్నాడు. వెనక నేనూ ఉస్తాదూ గొంతు తగ్గించి అదే మాట్లాడుకున్నాం.

"రేకు గట్టిదనమే కారణమైతే రెండోసారి కూడా అదే దెబ్బ కదా, ఎందుకు పేలింది?" అన్నాను.

"మొదటి దెబ్బ టోపీని కిందికి దించింది. రెండోది పేల్చింది" అన్నాడు ఉస్తాద్. "అంటే టోపీ పైన తేలి ఉంది, రాజా సాబ్" అన్నాడు.

నాకూ అదే తోచింది. వెంటనే ఇంకొకటి కూడా తోచింది, అది తప్పు ఆలోచన. ఇకామా గొడవలో జగిత్యాల అతని మనసు మనసులో లేదు, సరిగ్గా కూర్చోబెట్టలేదు అనుకున్నాను. నా వేలి సంగతి తలపుకు వచ్చినా పక్కకు నెట్టేశాను.

మర్నాడు ఉదయం ముదీర్ నేరుగా మా గదికి వచ్చాడు. నలుగురమే ఉన్నాం. "ముహందిస్, వీటిలో ప్రైమర్లు ఎవరు పెట్టారు?" అని నన్ను అడిగాడు. నేను ఇంజనీరును కాదు. ఆయన మర్యాదకు అలా పిలిచేవాడు.

"ఇతనే" అన్నాను.

అది అబద్ధం కాదు. అడిగినదానికి జవాబు అంతే. ఆ తర్వాత నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది, అది చెప్పకుండా నిలబడ్డాను.

ముదీర్ కోపంగా కూడా లేడు. "ఇతని ఇకామా ఎలాగూ ఆగింది. దాన్ని కదిలించే పని ఇక వద్దు. ఖురూజ్ నిహాయి పెట్టించండి" అన్నాడు. ఖురూజ్ నిహాయి అంటే తిరిగి రాకుండా వెళ్లిపొమ్మని. జగిత్యాలలో అతని ఇద్దరు పిల్లలూ చదువుకుంటున్నారు. పట్టేసిన నడుముతో, ముద్రలు పడని వేళ్లతో అతనికి ఇంకో కఫీల్, అంటే పూచీ పడి పనిలో పెట్టుకునే యజమాని, దొరకడని ఆ గదిలో అందరికీ తెలుసు.

అతనికి అరబ్బీ బాగానే వచ్చు. అంతా అర్థమైంది. అరవలేదు, బతిమాలలేదు. "సార్, జర ఒక్క నిమిషం ఆగమనున్రి" అని నాతో అని, లేబుళ్ల సొరుగు లాగి, అడుగునుంచి అరచేయంత గ్రానైటు ముక్క తీశాడు. దాన్ని బల్ల మీద పెట్టి, నాలుగు వైపులా వేలితో నొక్కి, కదలడం లేదని చూసుకున్నాడు. అల్ ఖోబర్‌నుంచి మిగిలి వచ్చిన డబ్బా ఒకటి తెరిచి ఒక తూటాను ఆ రాయి మీద నిలబెట్టి పైన కొసన మెల్లగా తాకాడు. అది కదలకుండా నిలబడింది. ఇంకొకటి పెట్టాడు. అదీ నిలబడింది. మూడోది పెట్టి తాకితే, కాలు పొట్టిదైన స్టూలులా అటూ ఇటూ ఊగింది.

"గిది జూడున్రి సార్. టోపీ మీదికున్నది. గందుకే ఊగుతుంది."

ముదీర్ వంగి, కళ్లు రాయి ఎత్తుకు తెచ్చుకుని చూశాడు. ఆయనకు అప్పటిదాకా లేని ఆసక్తి కలిగింది. "ఇంకా పెట్టు" అన్నాడు. యాభైలో ఏడు ఊగాయి.

ఉస్తాద్ ఊగినదాన్ని ఒకటి తీసి బొటనవేలితో అడుగు రుద్దాడు. "బిల్కుల్ తెలుస్తోంది" అన్నాడు. అని నా వైపు చూశాడు. ఆ తూటాను నా చేతిలో పెట్టాడు.

నేను తడిమాను. నునుపుగా ఉంది. నిలబడిన తూటా ఒకటి తీసుకుని తడిమాను. అదీ నునుపుగానే ఉంది. నాకు రెండింటికీ తేడా తెలియలేదు.

నాకు షుగరు అప్పటికి తొమ్మిదేళ్లుగా ఉంది. ఒక ఏడాదిగా చొక్కా గుండీ పెట్టుకోవాలంటే కిందికి చూడవలసి వచ్చేది. వేడి టీ గ్లాసు పట్టుకుంటే ఉస్తాద్ "కాలడం లేదా?" అని అడిగేవాడు, నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఇవన్నీ నాకు తెలుసు. కాని వేరే పనుల్లో పోయిన స్పర్శ ఈ పనిలో మాత్రం పోదని ఎందుకో నమ్మాను.

అప్పుడు నన్ను కదిలించింది మంచితనమేనని చెప్పుకోవాలని ఉంది. నిజానికి ముందు వచ్చింది తెలుసుకోవాలన్న ఆరాటం. ఎంత పోయింది? కొంచెమా, అంతానా? ఉస్తాద్‌ను ఊగేవి ఐదు, ఊగనివి ఐదు కలిపి ఒక్కొక్కటే నాకు ఇమ్మన్నాను. కళ్లు మూసుకున్నాను. ఒక్కోదాన్ని మూడేసి సార్లు తడిమి, మంచిదో కాదో చెప్పాను. ముదీర్ లెక్క పెట్టాడు.

"పదింటిలో నాలుగు సరిగ్గా చెప్పావు ముహందిస్" అన్నాడు.

బొమ్మా బొరుసూ వేసుకున్నా ఐదు వచ్చేవి. ఉస్తాద్ అవే పదింటిని తడిమి పదీ సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ అవతలికి తిరిగి నిలబడ్డాడు. నా మీద వెటకారం ఆడటానికి అతనికి అంతకంటే మంచి అవకాశం రాదు, అయినా ఆడలేదు.

నేను నిలబడి చెప్పాను. "ప్రైమర్ కూర్చోబెట్టడంలో నూటికి కొన్ని పైకి తేలడం మామూలే. వాటిని పట్టుకోవడానికే తడిమి చూసే పని ఉంది. ఆ పని నాది. షుగరు వల్ల నా వేళ్లకు స్పర్శ పోయింది. డబ్బాల మీద సంతకం నాది. బలంగా నొక్కవద్దని చెప్పింది నేను. గట్టి రకం తెప్పించింది నేను. పంపించాలంటే నన్ను పంపించండి."

మా వంశంలో ఎవరైనా తన కింద పనిచేసే మనిషి ఎదుట ఇలా నిలబడి చెప్పారో లేదో నాకు తెలియదు. మెడ నిటారుగానే ఉంచాను. అది మాత్రం చేతనయింది.

ముదీర్ చాలాసేపు రాయి మీది తూటాను అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు. "షుగరు ఉందని మెడికల్‌లో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"వేలు పనికిరాదంటారని."

"పనికిరాదు కదా" అన్నాడు. కోపంతో అనలేదు. ఉన్నమాట అన్నాడు. లేచి, వెళ్తూ వెళ్తూ గ్రానైటు ముక్కను వేలితో తట్టి, "ఇతని వేలిముద్రల సంగతి నేను జవాజాత్‌లో మాట్లాడతాను. ముద్ర పడని వాళ్లకు వేరే దారి ఉంటుంది" అన్నాడు. జవాజాత్ అంటే పాస్‌పోర్టు ఆఫీసు. పోయిన పోటీ గురించి ఆ రోజూ, ఆ తర్వాతా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఉస్తాద్ తన గదికి పోయాక మేమిద్దరం మిగిలాం. అతను తూటాలు తిరిగి డబ్బాలో సర్దుతున్నాడు. నాకు అప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. అప్పటికప్పుడు తెచ్చిన రాయి కాదది. సొరుగు అడుగున, లేబుళ్ల కింద, గుడ్డలో చుట్టి ఉంది.

"ఈ రాయి ఎప్పటినుంచి ఉంది ఇక్కడ?"

అతను తల ఎత్తలేదు. "పోయిన రంజాన్ కంటె ముందటి సంది సార్."

"దేనికి?"

"లేబుల్ అంటిచ్చేటప్పుడు ఒకపారి నిలవెట్టి చూస్తుంటి. ఊగినయి తీసి క్లబ్బోళ్లు అద్దెకిచ్చే పిస్టళ్ల డబ్బల ఏస్తుంటి. వాటి స్ప్రింగులు గట్టియి, ఎట్లన్న పేలుతయి. మంచియి తెచ్చి గీ డబ్బ నింపుతుంటి."

అంటే ఏడాదికి పైగా నా వేలు దాటించిన తూటాలను అతను మళ్లీ వడకడుతున్నాడు. నేను గొప్పగా కాల్పించి ఉస్తాద్‌కు చూపించిన ఆ యాభై కూడా అతని రాయి మీద నిలబడి వచ్చినవే. అల్ ఖోబర్ డబ్బాలు మాత్రమే నా వేలు దాటి నేరుగా వెళ్లాయి, అతను వేలిముద్రల కోసం తిరుగుతున్న నాలుగు రోజుల్లో. అంతకుముందు తప్పించుకున్నవి ఏవైనా ఉంటే మెత్తటి ప్రైమర్లు పైకి తేలినా ఎలాగో పేలి నన్ను కాపాడాయి. గట్టివి కాపాడలేదు.

"నీ వేళ్లకు తెలియదా?" అని అడిగాను.

"నా వేళ్లల్ల సోయి ఏడున్నది సార్, సిమెంట్ల పోయె. గందుకే గద రాయి వెట్టుకున్న." రెండు చేతులూ తిప్పి చూపించాడు. వేలికొనలు గులకరాళ్లలా మెరుస్తున్నాయి.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

అతను డబ్బా మూత పెట్టాడు. "చెప్తె మీరు ఇంటుంటిరా సార్?"

వినేవాణ్ని కాదు. ఆ సంగతి అతనికీ నాకూ తెలుసు. అంత కంటే కష్టంగా తోచింది ఇంకొకటి. ఆ ఉదయం అతన్ని పంపించేస్తామన్నప్పుడు అతను రాయి తీశాడు, తూటాలు ఊపి చూపించాడు, అంతే. ఇవి తడిమి చూసింది ఈ సారు అని ఒక్కసారి అనలేదు. ఆ మాట నా నోటినుంచే రావాలని ఆగాడో, అనడానికి భయపడ్డాడో, నేను అడగలేదు.

"రేపటినుంచి తడిమేది లేదు" అన్నాను. "నువ్వు రాయి మీద నిలబెట్టి చూడు. లేబుల్ మీద సంతకం కూడా నువ్వే చెయ్యి."

"నాకు సంతకం తెలుగులనే వస్తది సార్."

"తెలుగులోనే చెయ్యి."

ప్రైమర్ ప్రశ్న అక్కడితో తేలిపోలేదు. ఆ తర్వాతి నెల గట్టి ప్రైమర్లను సరిగ్గా కూర్చోబెట్టి, అన్నీ రాయి మీద చూసి, ముదీర్ పిస్టల్‌లో రెండు వందలు కాల్పించాం. వాటిలో ఒక్కటి మాత్రం పేలలేదు. స్ప్రింగ్ సంగతిలో ఉస్తాద్ చెప్పిందీ నిజమేనన్నమాట. "పుస్తకంలో రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. పోటీలకు మెత్తటివి, ప్రాక్టీసుకు గట్టివి అని తేల్చాం. నెల రోజుల నా కొలతల్లో తప్పు లేదు. కాని నేను కొలిచింది వేగం ఒక్కటే. పిస్టల్‌నూ, కూర్చోబెట్టే చేతినీ, చూసే మనిషినీ కొలవలేదు.

నేను ఆ క్లబ్బులో ఇంకో రెండేళ్లు పనిచేశాను. మందు పోయడం, గుండు బిగించడం కళ్లతో చూసి చేసే పనులు కాబట్టి నాకు మిగిలాయి. అతని ఇకామా వచ్చింది. రోజూ బల్లకు ఆ చివర అతను తూటాలు నిలబెట్టి తాకుతూ ఉండేవాడు. ఊగినది దొరికితే "ఇగో సార్" అని నా వైపు జరిపేవాడు. నేను దాన్ని తీసుకుని, పాత అలవాటు కొద్దీ అడుగున వేలితో తడిమేవాణ్ని. ఏమీ తెలిసేది కాదు. పక్కన పెట్టేసేవాణ్ని.